తెల్లారగట్ల చప్పుడు

సూరత్‌లో, అడాజన్ వైపు, ఒక ఐదో అంతస్తు ఫ్లాట్. మధ్యాహ్నం. ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ కోమలి ఎవరేమన్నా "సరే" అనే అంటోంది. తినమంటే సరే, మందు వేసుకోమంటే సరే, పడుకోమంటే సరే. భర్త పురమాయిస్తే గీజర్ విప్పి తీసుకుపోవడానికి బమ్రోలి నుంచి పరమేశ్ అనే మెకానిక్ వచ్చాక మాత్రం, ఎందుకో, ఆ ఒక్క మాటా నోటికి రాలేదు.

"తీసెయ్యడానికి కాదండీ. బాగుచెయ్యడానికి."

"గదెట్లమ్మా? సార్ ఫోన్ల సాఫ్ జెప్పిండు. గీజర్ విప్పు, ఆటోల ఏస్కో, తీస్కపో, నువ్వేం జేస్కుంటవో జేస్కో అన్నడు. ఆటో కింద నిలవెట్టి వచ్చిన."

"ఆయన చెప్పింది ఆయన చెప్పారు. నేను బాగుచెయ్యమంటున్నాను."

"ఇద్దరు రెండు తీర్ల జెప్తే నేనెవలి మాట వినాలె? రేపు సార్ నన్నడుగుతడు గద."

"నేను చెప్పానని చెప్పండి."

"జర సార్‌కు ఫోన్ కొట్టుండ్రి, ఓ మాట అనుకుందాం."

"ఎత్తరు. హజీరాలో ప్లాంటు లోపలికి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు. టీ వేళకి బయటికొచ్చి ఆయనే చేస్తారు."

"అందాక నేనేం జెయ్యాలె?"

"బాగుచెయ్యండి."

"జిద్దుకు వడ్డరు. సరే, ఆటోను పంపిస్త. దీనికేం బీమారి?"

"చప్పుడు."

"ఎసొంటి సప్పుడు? గుడగుడ అంటదా, పటపట అంటదా? జర గట్టిగ జెప్పమ్మా. పాండేసరల మగ్గాల కాడ శాన ఏండ్లు జేసిన, ఓ చెవు ఆడనే ఇడిసిపెట్టి వచ్చిన."

"మొదట గుడగుడమంటుంది. తర్వాత లోపల గులకరాళ్ళు వేసి కుదిపినట్టు. తర్వాత ఆగిపోతుంది."

"ఎప్పుడు?"

"తెల్లారగట్ల. దానంతట అదే."

"దానంతటదా?"

"ఊఁ. దానంతట అదే మొదలవుతుంది, దానంతట అదే ఆగుతుంది. థర్మోస్టాట్ పోయిందిట. మా ఆయన చెప్పారు. ఆయన అక్కడ బాయిలర్లు చూస్తారు."

"బాయిలర్ల సార్ జెప్పిండంటే అయ్యుండొచ్చు. మీరు లేచి సూసిన్రా?"

"లేవలేను. మాత్రలు వేసుకుంటాను. వినపడుతుంది, లేవలేను. లేచేసరికి ఏమీ ఉండదు. ఆయన కంపెనీ బస్సుకి వెళ్ళిపోయుంటారు."

"స్విచ్ యాడున్నది?"

"ఇక్కడ, తలుపు బయట. ఎర్ర లైటు ఉంటుంది, అదే."

"బంద్ జేసిన. నీళ్ల వాల్వు గూడ బంద్. అమ్మా, జర లోపలికొచ్చి టార్చ్ పట్టుండ్రి."

"ఇక్కణ్ణుంచి పడతాను."

"గడప కాడ నిలవడి పడ్తే నా నీడ నాకే అడ్డమొస్తది."

"నేను ఈ బాత్రూమ్‌లోకి రానండీ."

"ఎందుకు?"

"రాను."

"సరే, సరే. గాడికెల్లే పట్టుండ్రి. జర పైకి. ఆఁ, గట్ల. అబ్బో, పెద్దదే పెట్టించిన్రు. ఇంట్ల ఎందరుంటరు?"

"ఇద్దరం."

"ఇద్దరికి గింత గీజరా? చుట్టాలు బాగొస్తరా?"

"లేదు."

"మరెందుకు—"

"నీళ్ళు కారుతున్నాయి, చూసుకోండి."

"అరెరె! బకెట్, బకెట్ ఇయ్యుండ్రి జల్ది!"

"బకెట్లు అటు బాత్రూమ్‌లో ఉన్నాయి. మీ వెనకాల... తలుపు వెనకాల చూడండి. టబ్బు ఉంటుంది."

"గీ నీలందా? గిది సంటిపోరగాండ్లది గద. కరాబైతదమ్మా, లోపల అంతా మురికి."

"పెట్టండి."

"మంచి టబ్బు—"

"పెట్టండి అన్నాను కదా. నీళ్ళు హాల్లోకి వస్తున్నాయి."

"పెట్టిన, పెట్టిన. ఇగో సూడుండ్రి ఎట్లొస్తున్నయో. పాలు ఇరిగినట్టు. ఈ బోరు నీళ్లు గింతే. ఈడోళ్లు క్షార్ అంటరు, మనం సున్నం అంటం. మా లింగవ్వ అయితె పప్పు ఉడుకుత లేదని రోజూ నాతోని లొల్లి. నీళ్లు నేనే జేసి పంపిన లెక్క."

"లింగవ్వ అంటే?"

"నా భార్య. బమ్రోలిల ఉంటం. అయ్యో, నేనింత గట్టిగ మాట్లాడుతున్న, లోపల పాప లేస్తదేమో."

"పాప కాదు. బాబు."

"బాబా! మంచిది, మంచిది. సల్లగుండాలె. పండుకున్నడా?"

"లేడు."

"ఎవలన్న కిందికి తీస్కపోయిన్రా?"

"లేడండీ. పుట్టాడు, లేడు. టార్చ్ ఇంకొంచెం పైకి పట్టమంటారా?"

"బిడ్డా. నాకు తెల్వక..."

"పర్లేదు. కానివ్వండి."

"థూ, నా నోరు వడ. టబ్బు తీసేస్త. నేల మీదనే పోనీ నీళ్లు, నేనే తుడుస్త."

"ఉంచండి. నేనే కదా ఇచ్చాను."

"అడిగింది నేను గద."

"బకెట్ అడిగారు మీరు. టబ్బు నేను చెప్పాను. ఒక్కసారి కూడా వాడలేదు దాన్ని. దేనికో ఒకదానికి పనికి రావాలిగా."

"దేవుడు ఇంకోపారి—"

"అది అందరూ చెప్పారండీ."

"ఆఁ. చెప్తరు. నేను గూడ చెప్పవట్టిన. ...పాన ఇట్లియ్యవా బిడ్డా, సంచిల ఉన్నది. గడప మీద పెట్టు, నేనే అందుకుంట."

"ఇదేనా?"

"అదే. మొదటి కాన్పు తల్లిగారింట్ల జేస్తరు గద. ఊరికి పోలేదా?"

"అమ్మ లేదు. అందుకే ఇక్కడే అనుకున్నాం. అత్తగారు వచ్చారు కానీ ఆవిడకి మోకాళ్ళు. పీట మీద కూర్చోలేరు. అందుకని ఆయన..."

"ఆయన?"

"బాబుకి నీళ్ళు ఆయనే పోస్తానన్నారు. కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని పోస్తారు చూడండి, అలా. దిండు పెట్టుకుని నేర్చుకున్నారు. హాల్లో. అత్తగారు కుర్చీలో కూర్చుని, మెడ కింద చెయ్యి పెట్టరా, మెడ కింద, అని కేకలేసేవారు. టబ్బులో నీళ్ళు జానెడు చాలురా, బిడ్డకి పోస్తున్నావా, ఏనుక్కి పోస్తున్నావా అని."

"మొగోడు నీళ్లు వోసుడా!"

"మేమూ నవ్వేవాళ్ళం. బాబుకో పూట, నాకో పూట. బాలింతకి వేడి నీళ్ళు చాలా పడతాయని ఈ పెద్దది ఆయనే తెచ్చి పెట్టించారు."

"మరి గిప్పుడు తీస్కపొమ్మంటుండేంది?"

"అన్నీ తీసేశారుగా. నేను ఆస్పత్రి నుంచి వచ్చేసరికి ఉయ్యాల లేదు. పక్కబట్టలు లేవు. ఉగ్గుగిన్నె లేదు. ఎక్కడ పెట్టారో అడగలేదు. మంచిదే కదా అన్నారు, సరే అన్నాను. ఇది గోడకి బిగించి ఉంది కాబట్టి మిగిలింది, టబ్బూ పీటా తలుపు చాటున ఉండి మిగిలాయి."

"కండ్ల ముందట ఉంటే బాధ అని సార్—"

"నాకు బాధ లేదండీ. నిజంగా లేదు. ఏమీ లేదు. కానీ ఇది కూడా పోతే ఈ ఇంట్లో ఏమీ జరగనట్టే ఉంటుంది."

"సార్ ఏమంటడు?"

"ఏమీ అనరు. బస్సులో వెళ్తారు, బస్సులో వస్తారు. తిన్నావా అంటారు. తిన్నానంటాను. ఏడవడం నేను చూడలేదు. మా అత్తగారు నయం, గోడకి తల పెట్టుకుని ఏడ్చి, ఊరెళ్ళిపోయారు."

"నువ్వేడ్సినవా?"

"మీరు పని చూడండి."

"సూస్తున్న. బోల్టులు పట్టేసినయి, వస్త లేవు. ఆఁ... వచ్చింది. ఇగో, కాయిల్. సూడు బిడ్డా, గాడికెల్లే సూడు. పెన్సిలంత సన్నగ ఉండాలె ఇది. సున్నం పట్టి జొన్నకంకి లెక్క అయింది."

"చప్పుడు దానిదేనా?"

"దీనిదే. ఈ పెచ్చు కింద నీళ్లు ఇరుక్కుంటయి. కింద సలసల కాగుతది, బయటికి తొవ్వ ఉండది, లోపట్నె కొట్టుకుంటది. గదే సప్పుడు. దయ్యం లేదు, భూతం లేదు."

"అంతేనా?"

"గంతే. నిమ్మఉప్పు నీళ్లల్ల నానబెడ్త, గీకుత. డబ్బ లోపల కడుగుత. లోపల తుప్పు పట్టకుంట ఓ రాడ్ ఉంటది, అది గూడ సగం అరిగింది, మారుస్త. కొత్త వాషర్ ఏస్త. అయిపాయె."

"థర్మోస్టాట్ కూడా మార్చాలిగా."

"అదే సూస్తున్న. ...మంచిగనే ఉన్నది."

"పోయిందన్నారు."

"మంచిగున్నది బిడ్డా. ఇగో, మీటర్ పెట్టి సూపిస్తున్న. అయినా అది పోతే నీళ్లు మస్తు కాగుతయి, లేకుంటె అసలుకే కాగయి. తనంతట తాను షురూ ఎట్లయితది? బయటి స్విచ్ ఎవలో ఒకలు ఎయ్యాలె గద."

"స్విచ్‌లోనే ఏదైనా..."

"స్విచ్ గూడ సూసిన. టక్కున పడ్తది, టక్కున లేస్తది."

"ఎవరూ వెయ్యరండీ దాన్ని."

"ఏస్తున్నరు. ఏసుడే గాదు, నీళ్లు వాడుతున్నరు. వాడకుంట ఉత్తగ ఉంచితే కొత్త గీజరుకు గింత సున్నం పట్టది. రోజు కొత్త నీళ్లు వస్తెనే పట్టేది."

"ఇక్కడ ఎవరూ స్నానం చెయ్యరు. అటు బాత్రూమ్‌లోనే, ఇద్దరమూ."

"ఏమో మరి. మాత్రలు ఏస్కుంటున్న అంటివి. నిద్రల లేచి..."

"నేనా?"

"తప్పు వట్టకు. మా తిరుమల అని మా కార్ఖానోడు ఒకడు గట్లనే, మందులు ఏస్కొని నిద్రల లేచి సైకిల్ తుడిసేటోడు. తెల్లారి అడిగితె నేను గాదంటడు."

"నేను ఈ గడప దాటలేదు."

"సరే, దాటలే."

"దాటలేదనే అనుకుంటున్నాను. ...ఏమో. నేనే అయ్యుండొచ్చా?"

"అంటే అన్న గని, నాకేం తెలుసు బిడ్డా. ఆలోచన పెట్టుకోకు. కాయిల్ సాఫ్ అయింది సూడు, మెరుస్తున్నది. బిగించనా? ఆఖరుసారి అడుగుతున్న. సార్ తీస్కపొమ్మన్నడు."

"బిగించండి."

"సార్ కోపం జేస్తే?"

"ఆయన కోపం కూడా చెయ్యట్లేదండీ ఈమధ్య. బిగించండి."

"అయితె బిగిస్తున్న. వేడి ముల్లు ఫుల్‌ల పెట్టిన్రు, నడిమిట్లకు తెచ్చిన. ఫుల్ పెడ్తే సున్నం జల్ది పడ్తది. యాడాదికోపారి విప్పి కడిగించుండ్రి. మల్ల యాది పెట్టుకో, నల్లల నీళ్లు ధారగ వచ్చేదాక స్విచ్ ఎయ్యొద్దు, ఖాళీ డబ్బల కాయిల్ కాలిపోతది. ...నిండుతున్నది. ...ఆఁ, వచ్చినయి నీళ్లు. స్విచ్ ఎయ్యి, నీ చేత్తోనే."

"వేశాను."

"ఎర్ర లైటు ఎలిగిందా?"

"వెలిగింది."

"గిప్పుడు విను. నాకంటె నీకే మంచిగ వినవడ్తది."

"..."

"ఏమన్న ఉన్నదా?"

"లేదు."

"కాగుతున్నది గని సప్పుడు లేదు."

"లేదు."

"గంతే ఇగ. కాగనీ. అందాక ఈ టబ్బు కడిగి ఇస్త. గిట్ల మురికి పెట్టి పోతే నా మనసున వట్టది."

"వద్దులెండి."

"ఉండు బిడ్డా. నా కోసం. ...మట్టి పోయింది. అడుగు సాఫ్ అయింది. గీ గీతొక్కటి పోత లేదు."

"ఏం గీత?"

"లోపల, సుట్టూర. తెల్లగ."

"ఇప్పుడు పోసిన నీళ్ళదే అయ్యుంటుంది."

"ఇప్పుడు అడుగు మునిగేదాకనే వడ్డయి. గిది మీదికున్నది. సున్నం గీత బిడ్డా. ఒక్క పూటల వడేది గాదు. రోజు నింపుడు, జరసేపు ఉంచుడు, పారబోసుడు, మల్ల గంతే నింపుడు. మా ఇంట్ల బకెట్లకు గిట్లనే ఉంటది."

"ఆ టబ్బు వాడలేదండీ. కొత్తది."

"కొత్తదే. గీత గూడ కొత్తదే."

"ఎంత ఎత్తున ఉంది?"

"ఎంతనా... జానెడు. చెయ్యి పెట్టి సూస్తున్న. సరిగ్గ జానెడు. గీ పీట గూడ సూడు. అడుగుకెల్లి ఉబ్బింది. రోజు తడిస్తెనే చెక్క గిట్లయితది. ఏమైంది బిడ్డా?"

"జరగండి."

"లోపలికి రానంటివి గద."

"జరగండి. చూడనివ్వండి."

"నేల జారుతది, పైలం. గోడ పట్టుకో. ఆఁ. కూసో, పీట మీద కూసో."

"ఎంత సమంగా ఉందండీ."

"రోజు ఒక్క తీర్గనే నింపుతున్నరు మరి. మాత్రలు ఏస్కొని నిద్రల నడిసేటోళ్లు గింత సరిగ్గ నింపరు. నేనన్నది తప్పు. నువ్వు గాదు."

"నేను కాదు."

"ఇంట్ల ఇంకెవలుంటరు?"

"ఇద్దరమేనండీ. చెప్పానుగా. ఇద్దరమే."

"...ఆఁ. నీ ఫోన్ మోగుతున్నది బిడ్డా. బల్ల మీద. తెచ్చియ్యనా?"

"తెచ్చివ్వండి."

"ఇగో. సార్‌దే. నేను బయట, మెట్ల కాడుంట. తలుపు దగ్గరికేస్త."

"...హలో."

"కోమలీ, వచ్చాడా అతను?"

"వచ్చారు."

"తీసేశాడా?"

"లేదు."

"ఏం? నిచ్చెన లేదా? కింద వాచ్‌మన్‌ని అడగమను, ఇస్తాడు."

"బాగుచేశారు. నేనే చెయ్యమన్నాను."

"అదేంటి కోమలీ? తీసెయ్యమన్నాను కదా. దాంతో నీకు నిద్ర ఉండట్లేదు. థర్మోస్టాట్ పోయిందని చెప్పాను—"

"థర్మోస్టాట్ బాగానే ఉంది, వంశీ."

"అతనికేం తెలుసు."

"కాయిల్‌కి సున్నం పట్టింది. గీకేశారు. ఇప్పుడు చప్పుడు లేదు."

"చప్పుడు లేకపోయినా వద్దు. అది అక్కడ ఉంటే నేను... అతనికి ఫోన్ ఇవ్వు."

"ఇవ్వను."

"సరే, సాయంత్రం మాట్లాడదాం. తిన్నావా?"

"నేను బాత్రూమ్‌లో ఉన్నాను."

"ఏ బాత్రూమ్?"

"పీట మీద కూర్చున్నాను. టబ్బు నా ఒళ్ళో ఉంది. పరమేశ్ గారు ఎంత తోమినా గీత పోలేదు. వంశీ."

"ఊఁ."

"వేడి ఎలా చూస్తున్నావు? చేత్తోనా?"

"..."

"చెప్పు."

"మోచేత్తో. అమ్మ అలాగే చూడమంది."

"ఊఁ."

"ఆపుదామనే అనుకుంటాను కోమలీ. రోజూ అనుకుంటాను. బస్సుకి టైమ్ ఉంటుంది, చెయ్యి దానంతట అదే స్విచ్ మీదకి పోతుంది. నింపుతాను. చల్లారేదాకా కూర్చుంటాను. పారబోసి వెళ్తాను. నీకు వినపడుతోందని చెప్పాక కూడా ఆపలేకపోయాను. అందుకే తీసుకుపొమ్మన్నాను దాన్ని."

"అక్కడ నీ పక్కన ఎవరైనా ఉన్నారా?"

"లేరు. గేటు బయట ఉన్నాను."

"ఏడుస్తున్నావా?"

"లేదు. ...ఊఁ."

"వంశీ, ఇక చప్పుడు రాదు."

"ఊఁ."

"నాకు వినపడదు."

"ఊఁ."

"రేపు నింపేటప్పుడు నన్ను లేపు."